సొంత బాబాయికి కౌలు షరతులు చెప్పడం ఎలా?

ప్రశ్న:
నాన్నగారు పోయిన తరువాత, కోనసీమలోని మా రెండున్నర ఎకరాల వరి పొలాన్ని ఆరేళ్లుగా మా బాబాయి సాగు చేస్తున్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. కౌలు ఎన్ని బస్తాలు, ఎప్పుడు ఇవ్వాలి, పంట పోతే ఏం చేయాలి అన్నవి మేమిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు. ఆయన ఇచ్చినంత నేను తీసుకున్నాను. ముందటేడు సార్వా (వానాకాలపు వరి పంట) కోతల ముందు వానలకు చేను పడిపోయి గింజ మొలకెత్తింది. ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు. తరువాత దాళ్వా (వేసవికి కోసే రెండో పంట) బాగా పండినా ఆ ఊసు రాకపోయేసరికి నాకు కష్టం కలిగింది, సంక్రాంతికి వెళ్లినప్పుడు మా మధ్య మాటలు తగ్గాయి. ఇప్పుడు కాగితం రాసుకుందామంటే, తండ్రి తరువాత తండ్రి వంటి మనిషిని అనుమానించినట్లు అవుతుందేమోనని వెనుకాడుతున్నాను.

జవాబు 1 (కౌలు రైతు):
పాతికేళ్లుగా ఇతరుల పొలం చేస్తున్నవాడిగా చెబుతున్నాను: మాట తేలకపోతే ఎక్కువగా నష్టపోయేది పొలం దున్నేవాడే. కాగితం లేకపోతే పంట రుణానికి, నష్టపరిహారానికి తాను సాగుదారునని చూపించుకోవడమే ఆయనకు కష్టమవుతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. వచ్చే ఏడాది చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు ఈ ఏడాది పశువుల ఎరువు తోలించడు, గట్లు బాగు చేయించడు. మీరు అనుమానం అనుకుంటున్నది ఆయనకు భరోసా కావచ్చు.

జవాబు 2 (న్యాయవాది):
ఊళ్లలో యజమానులు కౌలు కాగితానికి జంకడానికి ఒక కారణం ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చింది కనుక, రాసి ఇస్తే భూమి తిరిగి రాదన్న భయం పాతుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ భయాన్ని దృష్టిలో పెట్టుకున్నదే: 11 నెలల ఒప్పందం వల్ల సాగుదారుకు పంట మీద హక్కు, రుణానికీ బీమాకూ ఆధారం లభిస్తాయి, భూమి మీద యాజమాన్యం మాత్రం మీదే. అర్థం నిశ్చయంగా తేలని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. 'ఎంతో కొంత ఇస్తాను' అన్న మాట అలాంటిదే. బస్తా అంటే 75 కిలోలని ఇద్దరికీ తెలిసినా రాయండి. సార్వాకూ దాళ్వాకూ కౌలు విడివిడిగా, నీటి తీరువా (సాగునీటి పన్ను) ఎవరిది, గట్ల మీది కొబ్బరి దింపు ఎవరిది, తుపాను వస్తే ఎంత తగ్గింపు అన్నవి కూడా రాయాలి. తగాదాలు ఎక్కువగా కొబ్బరికాయల దగ్గరే మొదలవడం నేను చూశాను.

జవాబు 3:
మీ ప్రశ్నలో షరతులు ఉన్నాయి, కానీ ఆ పొలాన్ని మీరేం చేయదలచుకున్నారో లేదు. మా నాన్నగారు తన అన్నగారి భూమిని కృష్ణా జిల్లాలో పదకొండేళ్లు చేశారు. దాన్ని అమ్ముతున్నారన్న కబురు ఆయనకు ఒక మధ్యవర్తి ద్వారా తెలిసింది. కౌలు గురించి వారికి ఎన్నడూ పేచీ రాలేదు. ముందుగా తనకు చెప్పలేదన్న బాధతోనే ఆయన ఆ గడప తొక్కడం మానేశారు. కాబట్టి బాబాయిగారి నుంచి మీరు కోరేది చెప్పడానికి ముందు, మీ మనసులో ఉన్నది చెప్పండి. ఫోన్‌లో కాకుండా, పిన్నిగారు కూడా ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
మూడో జవాబు చదివి చాలాసేపు ఆలోచించాను. రెండు మూడేళ్లలో ఆ పొలం అమ్మి ఇక్కడ ఇల్లు కొనాలని నేనూ, నా భార్యా అనుకుంటున్నాం. ఆ సంగతి ఇక్కడ కూడా రాయలేదంటే ఎంత దాచుకున్నానో నాకే అర్థమైంది. ఆయన లెక్క చెప్పలేదని బాధపడుతూ, ఆయన బతుకు ఆధారపడిన విషయాన్ని నేనే చెప్పలేదు. సార్వా నారుమళ్లు పోయకముందే వెళ్తున్నాను. అమ్మే ఆలోచన ముందుగా చెప్పి, కొనే ఉద్దేశం ఉంటే తొలి అవకాశం మీదేనని అంటాను. బస్తాల లెక్క, కొబ్బరి దింపు ఆ తరువాతే మాట్లాడుకుంటాం.