బస్సు మోతకు తట్టుకునే ఇయర్‌ఫోన్స్ ఏవన్న ఉంటే చెప్పుర్రి

చౌటుప్పల్_చున్నీ:
అన్నలు అక్కలు, మాది చౌటుప్పల్, ఆఫీసేమో దిల్‌సుఖ్‌నగర్ల. పొద్దుగాల నేనెక్కే ఎక్స్‌ప్రెస్ సూర్యాపేట దిక్కునుంచే నిండుకోని వస్తది, సీటు దొరికితే అది ఎనక టైరు మీదిదే, ఇగ ఇంజిన్ మోత, అద్దాల గడగడ, పక్కాయన ఫోన్ల స్పీకర్ పెట్టి రీల్స్ చూసుడు, వీటన్నిటి నడుమ నేను క్లాసు వినాలె, డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదువుతున్న. ఇప్పుడున్న ఇయర్‌ఫోన్స్‌ల సౌండ్ మొత్తం పెంచినా సారు మాట సగమే వినవడ్తది, దిగినంక చెవుల్ల గుయ్‌మంటది. బడ్జెట్ మూడు వేల లోపు. డబ్బా మీద 50 డీబీ (డెసిబెల్స్) నాయిస్ క్యాన్సిలేషన్ అని రాసినవి తీసుకుంటే పనైతదా?

నల్గొండ_చెవి:
డబ్బా మీది నంబర్ చూసి కొనకు అక్క. ఆ 50 డీబీ అనేది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ కాడ వచ్చిన పెద్ద నంబర్, అన్ని సౌండ్లు అంత తగ్గుతయని కాదు. యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్‌ల (ఏఎన్‌సీ) మైకు బయటి మోతను పట్టుకోని దానికి ఉల్టా సౌండ్ లోపల ఇడుస్తది, ఒక్క తీరుగ గుంయ్ మనే ఇంజిన్ మోతకు, టైర్ల మోతకు అది మంచిగ పనిచేస్తది. హారన్, పోరల ఏడుపు, రీల్స్ పాటలు గట్ల ఆగయి, వాటిని ఆపేది చెవిల దిగవడే రబ్బరు బుడిపెనే. నీ సీటు టైరు మీద అంటున్నవ్ గాబట్టి రెండూ కావాలె, అయితే ముందుగాల చూసుకోవాల్సింది బుడిపె టైట్‌గ కూసుంటున్నదా లేదా అనేదే. పాట పెట్టినప్పుడు బేస్ లేకుంట పల్చగ వినవడితే గాలి లీకైతున్నట్టు, గప్పుడు ఎంత ఖరీదుదైనా దండుగ.

వైరోడు:
నేనైతే వైరుదే తీసుకోమంట. ఛార్జింగ్ లొల్లి లేదు, టోల్‌గేట్ కాడ జామైతే సగం దారిల బ్యాటరీ అయిపోవుడు లేదు. చెవి మీదికెల్లి ఎనక్కు తిప్పి పెట్టుకునేటివి చూడు, మామూలుగ కిందికి ఏలాడే వైరు చున్నీకి రాసుకుంటే ఆ గరగర మొత్తం చెవిలకే వస్తది. వాటికి మెమరీ ఫోమ్ టిప్స్, అంటే స్పాంజి బుడిపెలు, యేరే కొని ఎయ్యి. ఫోమ్‌ను ఏళ్లతోని పిసికి సన్నగ జేసి, రెండో చెయ్యితోని చెవిని మీదికి, కొంచెం ఎనక్కు గుంజి లోపల పెట్టి, అది ఉబ్బేదాక ఏలు అట్లనే పట్టుకోవాలె. చానామంది పట్టుకోకుంట ఇడిచిపెడ్తరు, అది బయటికొస్తది, ఇగ ఫోమ్ బాలేదని రివ్యూ రాస్తరు. ఫోమ్ కొన్ని నెలలకు గట్టివడ్తది, మార్చుకుంట ఉండాలె, ఖర్చు గదొక్కటే.

చౌటుప్పల్_చున్నీ:
నా ఫోన్‌కు గుండ్రటి జాక్ లేదన్నా, టైప్ సీ ఒక్కటే ఉంది. ఇంకోటి, ఎడమ చెవిల ఏది పెట్టినా జారిపోతది, కుడి దాంట్లో మంచిగనే ఉంటది.

వైరోడు:
టైప్ సీ వైరుతోనే వచ్చేటివి ఉన్నయ్, లేకపోతే చిన్న కన్వర్టర్ దొరుకుతది. జారుడు సంగతి, రెండు చెవులకు ఒక్కటే సైజు ఉండాలని ఏం లేదు, డబ్బాల వచ్చిన మూడు సైజులల్ల ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పెట్టి చూడు. బుడిపె లేని ప్లాస్టిక్‌వి మాత్రం వద్దే వద్దు, అవి మోతను అస్సలు ఆపవు.

పాలమూరు_నర్స్:
నేను షాద్‌నగర్ దిక్కు తిరుగుత, నాది గిదే గోస. చెవుల్ల గుయ్‌మంటున్నదంటే సౌండ్ మరీ ఎక్కువ పెడ్తున్నవ్ చెల్లె. కారఖానాలకు అమెరికాల నియోష్ అనే సర్కారు సంస్థ పెట్టిన లెక్క 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆ మీద 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైము సగమైతది, అంటే 88కి 4 గంటలే, 91కి 2 గంటలే. మోత మీదికెల్లి వినాలని సౌండ్ పెంచుడే అసలు ప్రమాదం, మోత ఆగితే నీకు సగం వాల్యూమ్ చాలు. గుయ్ అనుడు తెల్లారేదాక పోకుంటే ఈఎన్‌టీకి చూపించు. గులిమి ఉన్నా సరిగ వినవడది, గని పిన్నీసులు, కాటన్ పుల్లలు పెట్టి తియ్యకు, లోపలికే పోతది.

నల్గొండ_చెవి:
నర్సక్క చెప్పింది కరెక్ట్. క్లాసే గాబట్టి బేస్ ఎక్కువున్నవి కొనకు, యాప్‌ల ఈక్వలైజర్ ఉంటే బేస్ తగ్గించి నడుమ ఫ్రీక్వెన్సీలు పెంచుకో, సారు మాట తేటగ వినవడ్తది. ఏఎన్‌సీదే తీసుకుంటే గుంతల మీద ఎగిరినప్పుడు చౌక వాటిల్ల కొన్ని టప్ అని కొడ్తయ్, వాపస్ ఇచ్చే సౌలత్ ఉన్న కాడ కొని ఆ సీట్ల కూసోనే పరీక్ష పెట్టు, ఇంట్ల పెట్టుకోని చూస్తే ఏం తెల్వది.

చౌటుప్పల్_చున్నీ:
సరే, వైరుది ఫోమ్‌తోని ముందు చూస్త. ఇంత గట్టిగ మూసుకుంటే కండక్టర్ పిలిస్తే వినవడ్తదా మల్ల?

వైరోడు:
వినవడది. జీరో టికెట్ కొట్టేదాక ఒక్క చెవిలనే పెట్టుకో, ఆధార్ చేతిల పట్టుకో. స్కూటీ మీద, రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండూ తీసెయ్.