ఊరి వాట్సాప్ గ్రూపు మూసేయాలా, దారిలో పెట్టాలా?

ప్రశ్న: కాలువగట్టు

మా ఊరి గ్రూపులో 600 మందికి పైగా ఉన్నారు, నలుగురు అడ్మిన్లు. కాలువకు నీళ్లు ఎప్పుడొదులుతారు, కరెంటు ఎప్పుడు పోతుంది, పశువుల డాక్టరు ఏ రోజు వస్తాడు, ఎవరికి రక్తం కావాలి, అన్నీ అందులోనే తెలుస్తాయి. హైదరాబాద్‌లో, దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఊరితో లంకె కూడా అదే. ఇంకోపక్క గుడ్‌మార్నింగ్ ఫొటోలు, పార్టీల గొడవలు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న ఆడియోలు. ఈ మధ్య పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) కూడా పడింది. మూసేద్దామని ఇద్దరు అడ్మిన్లు, వద్దని ఇద్దరు. తప్పుడు పోస్టు పడితే కేసు అడ్మిన్ మీదకే వస్తుందనే భయం ఒకటి. ఏం చేస్తే మంచిది?

జవాబు: నెట్‌వర్క్ శీను

మూసేస్తే రెండు రోజుల్లో ఇంకో గ్రూపు పుడుతుంది. దానికి అడ్మిన్ ఎవరో మీకు తెలియను కూడా తెలియదు. మూయొద్దు, కబుర్లను సమాచారం నుంచి విడదీయండి.

వాట్సాప్‌లో కమ్యూనిటీ అని ఉంటుంది. అది మొదలుపెడితే అనౌన్స్‌మెంట్ గ్రూపు దానంతటదే వస్తుంది. అందులో అడ్మిన్లే రాయగలరు. నీళ్లు, కరెంటు, డాక్టరు, రక్తం అక్కడ. ఇప్పుడున్న గ్రూపును దాని కిందకు చేర్చి కబుర్లకు వదిలేయండి. ఇందులో ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు గ్రూపులో 600 మందికీ 600 నంబర్లు కనిపిస్తాయి. ఆడవాళ్లకు అర్ధరాత్రి హాయ్‌లు వచ్చేది అక్కడి నుంచే. అనౌన్స్‌మెంట్ గ్రూపులో మీ నంబరు అడ్మిన్లకు, మిమ్మల్ని ముందే సేవ్ చేసుకున్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు కనపడదు. కాబట్టి నంబరు బయటపడటం ఇష్టం లేనివాళ్లు కబుర్ల గ్రూపులోంచి తప్పుకుని అనౌన్స్‌మెంట్‌లో మాత్రం ఉండొచ్చు.

కబుర్ల గ్రూపులో గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి "అప్రూవ్ న్యూ మెంబర్స్" ఆన్ చేయండి. ఇన్వైట్ లింకు పాతదైతే రీసెట్ కొట్టండి. ఎప్పుడో ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టిన లింకు పట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చేస్తుంటారు. కాలువ వంతుల పట్టిక లాంటివి పిన్ చేయండి. మూడు మెసేజ్‌ల దాకా పిన్ చేయొచ్చు, ఒక్కోటి గరిష్ఠంగా 30 రోజులు నిలుస్తుంది.

జవాబు: సైబర్ కాపలా

శీను గారు చెప్పింది బాగుంది కానీ, ముందు ఆ ఏపీకే సంగతి చూడండి. అది వచ్చిన నంబరు ఊళ్లో మనిషిదే కదా? ఆయన పంపి ఉండడు. ఆయన ఫోన్లో అది ఇన్‌స్టాల్ అయితే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుంటుంది. వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోడ్ వచ్చేది ఎస్సెమ్మెస్‌లోనే, బ్యాంకు ఓటీపీ వచ్చేదీ అందులోనే. దొంగ ఆయన నంబరుతో వాట్సాప్ తెరిచి అన్ని గ్రూపుల్లో అదే ఫైలు వేస్తాడు. తెలిసిన పేరు చూసి జనం నొక్కేస్తారు. పీఎం కిసాన్ కాకపోతే ఆర్టీవో చలాన్, అదీ కాకపోతే పెళ్లి శుభలేఖ.

చేయాల్సింది ఇది. ఆ మెసేజ్‌ను అడ్మిన్‌గా అందరికీ కనపడకుండా డిలీట్ చేయండి. రెండు రోజులు కాస్త దాటితే ఆ అవకాశం పోతుంది. ఆ నంబరును తాత్కాలికంగా గ్రూపు నుంచి తీసేయండి. ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుంటే మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటేలోపు ఫిర్యాదు పడితే ఆపే వీలుంటుంది. అందుకే స్టేషన్‌కు వెళ్లేదాకా ఆగొద్దు. యాప్ ఐకాన్ కనపడకుండా దాక్కుంటుంది, సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాలో వెతకాలి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే సేఫ్ మోడ్‌లో (మనం ఎక్కించిన యాప్‌లు పనిచేయకుండా ఫోన్ తెరిచే పద్ధతి) ప్రయత్నించి, ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు.

మిగతా అందరూ వాట్సాప్ సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. ఓటీపీ దొంగ చేతికి వెళ్లినా ఈ పిన్ లేకుండా మీ ఖాతా వెంటనే తెరవలేడు. పుట్టిన తేదీ మాత్రం పెట్టొద్దు, గ్రూపులో బర్త్‌డే విషెస్ చెప్పేది మీరే.

జవాబు: పంతులమ్మ

పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడియోల్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2018 మేలో ఇలాంటి వదంతులకే తెలంగాణలో అమాయకుల ప్రాణాలు పోయాయి. అదే ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు కుదించింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక చాట్‌కే పంపేలా చేసింది. రెండు బాణాల గుర్తు ఉన్నది అలాంటిదే. కానీ డౌన్‌లోడ్ చేసి మళ్లీ అప్‌లోడ్ చేస్తే ఆ గుర్తు పోతుంది, కాబట్టి బాణాల్లేవని నమ్మేయకూడదు. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వెతకొచ్చు. ఆడియోకు ఆ దారి లేదు. ఊరి పేరు, తేదీ, స్టేషన్ పేరు లేని ఆడియో గ్రూపులో ఉండకూడదు, అంతే. నిజంగా అనుమానం ఉంటే 112కి ఫోన్ చేయాలి.

రక్తం మెసేజ్‌లకూ ఒక పద్ధతి పెట్టండి: ఏ రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఆసుపత్రి, ఏ తేదీ ఎన్ని గంటల్లోపు. దొరకగానే డిలీట్ చేయాలి. తేదీ లేని మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతుంది, ఎప్పుడో డిశ్చార్జ్ అయినవాళ్ల ఇంటికి ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

కాలువగట్టు: అందరికీ ధన్యవాదాలు. మరి కేసు సంగతి? ముసలివాళ్ల ఫోన్లు నిండిపోవడం కూడా పెద్ద సమస్యే.

జవాబు: ప్లీడర్ బాబాయ్

సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని 2021లో బాంబే హైకోర్టు, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మినే పెడితే, లేదా కూడబలుక్కుని పెట్టిస్తే వేరే లెక్క. అలాంటి పోస్టు కనపడితే ముందు తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకుని ఆ తర్వాతే డిలీట్ చేయండి. రేపు పోలీసులు అడిగితే అదే పనికొస్తుంది.

ఫోన్లు నిండటం అంటారా, ఆ పెద్దవాళ్ల ఫోన్లలో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆపేయండి. అక్కడే మేనేజ్ స్టోరేజ్‌లో మీ గ్రూపు పేరు నొక్కితే పెద్ద వీడియోలు పైన కనిపిస్తాయి. పంట రశీదులు, పాస్‌బుక్ ఫొటోలు అందులో కలిసిపోయి ఉంటాయి, చూసుకుని తీసేయండి.