డైలమా, పజిల్, ఎనిగ్మా, మిస్టరీ: ఏది ఎక్కడ వాడాలి?

అనంతపురం ఆడపడుచు, మారతహళ్లి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, పెళ్లయిన దగ్గర్నుంచీ బెంగళూరులోనే ఉంటున్నాం. నాది టెస్టింగ్ ఉద్యోగం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో మాట్లాడటం పర్లేదు, మెయిల్స్ రాసేస్తాను, కానీ ఒక గుంపు మాటల దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగిపోతోంది. పజిల్, రిడిల్, మిస్టరీ, ఎనిగ్మా, డైలమా, క్వాండరీ, కనండ్రమ్. డిక్షనరీలో ఒకదానికి అర్థంగా ఇంకొకటి ఉంటుంది, ఆ ఇంకొకటి వెతికితే మళ్లీ మొదటిదే కనిపిస్తుంది.

పోయిన నెల ఒక రిపోర్టులో, సర్వర్ ఎందుకు ఆగిపోతోందో తెలియక టీమంతా డైలమాలో ఉన్నాం అని రాశాను. కాల్‌లో అవతలి దేశం మేనేజర్, మీ ముందున్న రెండు దారులేంటి అని అడిగాడు. నేను దారుల గురించి రాయనే లేదు కదా! పదిమంది వింటుంటే నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

నిన్న ఆరో క్లాసు చదివే మా పాప వర్క్‌షీట్ తెచ్చింది. ఐదు ఖాళీలు, పైన డబ్బాలో ఐదు మాటలు. 2014లో మాయమైన మలేషియా విమానం ఇప్పటికీ ఒక ఖాళీ అట. పాప పెన్సిల్‌తో పజిల్ అని రాసి చెరిపింది, ఎనిగ్మా అని రాసి అదీ చెరిపింది, అక్కడ కాగితం పలచబడి చిరిగేలా ఉంది. అమ్మా ఏది కరెక్ట్ అంటే నాకూ తెలియలేదు. వీటిలో దేనికి మన తెలుగు మాట ఏది సరిపోతుందో చెప్పండి, అలాగైతే నాకు గుర్తుంటుంది. ఇంగ్లీషుకు ఇంగ్లీషే అర్థం చెప్పే లింకులు పెట్టకండి, అవన్నీ చూసేశాను.

రిటైర్డ్ లెక్చరర్, విజయనగర

అమ్మా, మీ మేనేజర్ తప్పు అడగలేదు. డైలమా గ్రీకు మాట, అందులో డై అంటే రెండు. అందుకే ఇంగ్లీషువాళ్లు డైలమాకు రెండు కొమ్ములుంటాయంటారు, ఏ పక్కకి తిరిగినా పొడుస్తుంది. మనకి ఇంతకంటే మంచి మాటలే ఉన్నాయి: ముందు నుయ్యి వెనక గొయ్యి, లేదా కరవమంటే కప్పకు కోపం విడవమంటే పాముకు కోపం. సర్వర్ ఎందుకు ఆగిందో తెలియకపోతే అది డైలమా కాదు. సర్వర్ ఆపితే కస్టమర్లు ఊరుకోరు, ఆపకపోతే డేటా పాడవుతుంది, ఇలా ఉంటే డైలమా. క్వాండరీకి రెండే దారులుండాలన్న నియమం లేదు, ఏం చేయాలో పాలుపోకపోతే చాలు.

మిగతావాటికి నేను క్లాసులో ఒకే ప్రశ్న వేయమనేవాణ్ణి, జవాబు ఎవరి దగ్గరుంది అని. రిడిల్ అంటే పొడుపుకథ, పొడిచేవాడికి జవాబు తెలుసు, తెలిసే దాస్తాడు. కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు అని మా అవ్వ అడిగితే, కనురెప్పలు అని చెప్పేదాకా అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చునేది. రిడిల్, చదవడం అనే రీడ్, ఒకే వేరు నుంచి వచ్చాయి, పాత ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం విప్పి చెప్పడం అని కూడా ఉండేది. పజిల్ అంటే కూర్చుని కుస్తీ పడితే తేలేది, గళ్ల నుడికట్టులాగా. మిస్టరీలో జవాబు ఎవరి దగ్గరా లేదు. 239 మందితో కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన విమానం ఏమైందో ఎవరికీ తెలియదు, కాబట్టి పాప ఖాళీలో మిస్టరీ రాయాలి. పజిల్ అని రాస్తే ఆ కుటుంబాల దుఃఖం ఆటలా కనిపిస్తుంది, నాకైతే చెయ్యి రాదు.

ఎనిగ్మాని ఎక్కువగా అంతుపట్టని మనిషికి వాడతారు, ఎంత కాలం కలిసి ఉన్నా లోపల ఏముందో తెలియదే, అలాంటివాళ్లకి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు రహస్య సందేశాలు పంపిన మిషన్ పేరు కూడా ఎనిగ్మానే. కనండ్రమ్ ఎక్కడ పుట్టిందో నిఘంటువులు రాసేవాళ్లకే తేలలేదు, వినడానికి లాటిన్‌లా ఉంటుంది కానీ లాటిన్‌లో ఆ మాట లేదు. చిక్కుప్రశ్న అనుకోండి, సరిపోతుంది.

నెల్లూరోడు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్

అక్కా, డౌట్ అనే మాటని కూడా ఈ లిస్టులో కలుపుకోండి. మనం క్లాసులో సార్ నాకొక డౌట్ అని చెయ్యెత్తి పెరిగాం, మన దృష్టిలో అది ప్రశ్న. అమెరికా, ఇంగ్లండ్ వాళ్లకి మాత్రం డౌట్ అంటే ముందు అపనమ్మకం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీ డిజైన్ మీద నాకు డౌట్స్ ఉన్నాయి అని క్లయింటుకి రాశాను, ఆయన మా లీడ్‌కి ఫోన్ చేసి మీవాడికి నా పని మీద నమ్మకం లేదా అని అడిగాడు. అప్పట్నుంచి క్వశ్చన్ అనే రాస్తున్నాను.

ఇంకోటి, ఐ యామ్ కన్ఫ్యూజింగ్ అనడం మా టీమ్‌లో రోజూ వింటాను. తెలుగులో కన్ఫ్యూజ్ అవుతున్నాను అంటాం కాబట్టి ఆ తున్నానుకి ఇంగ్ తగిలించేస్తాం, కానీ అలా అంటే నేనే ఎదుటివాళ్లని తికమక పెడుతున్నానని అర్థం. తికమక పడేది మనమైతే కన్ఫ్యూజ్డ్, పెట్టేది కన్ఫ్యూజింగ్.

పడుగు పేక, కె.ఆర్. పురం

మాది ధర్మవరం, ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఈ ఇంగ్లీషు మాటల్లో సగం మా నేతపనిలోంచి వచ్చినట్టే ఉంటాయి. పర్‌ప్లెక్స్ లాటిన్ మాట, దాని వేరుకి అల్లడం, పెనవేయడం అని అర్థం. కాంప్లెక్స్ కూడా ఆ వేరుదే. కన్ఫ్యూజ్ అంటే అన్నీ కలిపి పోసేయడం, అచ్చం మన కలగాపులగం. అన్నిటికంటే నాకిష్టమైనది క్లూ. పాత ఇంగ్లీషులో క్లూ అంటే దారపు ఉండ. గ్రీకు కథలో థీసియస్ క్రీట్ ద్వీపంలో లాబిరింత్ అనే చిక్కుదారుల కట్టడం లోపలికి వెళ్లేటప్పుడు ఏరియాడ్నీ ఒక దారపు ఉండ ఇస్తుంది, అది విప్పుకుంటూ వెళ్లి, మళ్లీ ఆ దారం పట్టుకునే బయటికొస్తాడు. ఆ దారపు ఉండే ఇవాళ పోలీసులు వెతికే క్లూ అయింది.

మా అమ్మ పట్టు లచ్చి చిక్కుపడితే ఎప్పుడూ లాగేది కాదు. రెండు మోకాళ్లకి తగిలించుకుని, గోటి కొసతో ఒక్కో పోగూ పైకెత్తి చూస్తూ కొస ఎక్కడుందో వెతికేది, ఒక్కోసారి దానికే పూటంతా పట్టేది. లాగితే పోగు తెగుతుంది, తెగితే కొసలు రెండవుతాయి. మనం ఏదైనా తెలియకపోతే కొస దొరకలేదంటాం, చిక్కు విడిపోయిందంటాం, పొడుపుకథని విప్పమంటాం. ఇక్కడ కన్నడవాళ్లు కూడా ఒగటు బిడిసు అంటారు, బిడిసు అంటే విడిపించడమే. అందుకే అక్కా, మీ సర్వర్ సంగతి నేనైతే డైలమా అనను, మిస్టరీ కూడా అనను. లాగ్స్‌లో, అంటే సర్వర్ తన పని రాసిపెట్టుకునే చిట్టాలో, ఎక్కడో కొస ఉంటుంది కాబట్టి అది పజిలే.

అనంతపురం ఆడపడుచు, మారతహళ్లి

లెక్చరర్ గారూ, తమ్ముళ్లూ, చాలా థ్యాంక్స్. ఇందాకే పాపని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చదివి వినిపించాను. మిస్టరీ రాసింది. కిటారి తలుపులు మాత్రం నేను చెప్పేలోపే విప్పేసింది. ఒక ఖాళీ దగ్గర ఆగాం. ఇద్దరు స్నేహితుల పుట్టినరోజు ఒకే సాయంత్రం, ఎవరింటికి వెళ్లాలో తెలియక రవి ఖాళీలో పడ్డాడు అని ఉంది. డైలమా అని రాయమన్నాను. రాసింది కానీ ఒప్పుకోలేదు, ఒకళ్లింటికి ఐదింటికి, ఇంకొకళ్లింటికి ఏడింటికి వెళ్తే డైలమా కాదు కదమ్మా అంటోంది. ఏం చెప్పను?

రిటైర్డ్ లెక్చరర్, విజయనగర

పాప చెప్పింది నిజమేనమ్మా. తర్కశాస్త్రంలో దాన్ని రెండు కొమ్ముల మధ్య నుంచి తప్పుకోవడం అంటారు. ఖాళీలో డైలమానే ఉంచమనండి, పక్కన చిన్న అక్షరాలతో తన మాట కూడా రాయమనండి.