జెర్బిల్స్ మధ్య డివైడర్: మెష్ ఒక వరస చాలా, రెండు వరసలు ఉండాలా?

ఫ్రిస్కో అమ్మ:
మా పాప పెంచే రెండు జెర్బిల్స్‌లో (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులు) ఒకటి పోయిన నెల చనిపోయింది. మిగిలింది జీడిపప్పు, రెండేళ్ల మగది. దానికి తోడుగా ఏడు వారాల మగపిల్లను తెస్తున్నాం. నేరుగా కలిపితే చంపేస్తుందని, ఒకదానికొకటి అలవాటయ్యేదాకా మధ్యలో డివైడర్ (అడ్డు) పెట్టాలని చెప్పారు. ఇరవై గ్యాలన్ల లాంగ్ (పొడవు రకం) గాజు ట్యాంక్‌లో సరిపోయే డివైడర్ ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

చెక్కపని:
ఆ ట్యాంక్ 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు అంటారు, కానీ అది బయటి కొలత. లోపల టేపు పెట్టి మీరే కొలవండి. వన్-బై-టూ (ఒక అంగుళం బై రెండు అంగుళాలు అని అమ్మే) పైన్ చెక్కతో ఫ్రేము, దాని మీద పావు అంగుళం కళ్ల హార్డ్‌వేర్ క్లాత్ (గట్టి తీగ మెష్), గట్టి స్టేపుల్స్. మందు పట్టించిన చెక్క మాత్రం వద్దు. డివైడర్ అడుగు గాజుకు ఆనాలి, పైన మూతకు తగలాలి, లేకపోతే బెడ్డింగ్ (అడుగున పరిచేది) తవ్వుకుంటూ కింద నుంచి అటు వెళ్లిపోతాయి. జిప్ టైలు వాడొద్దు, కొరికేస్తాయి. అరగంట పని.

లెస్టర్ అక్క:
మెష్ ఒక వరస చాలదండీ. ఫ్రేముకు రెండు వైపులా కొట్టాలి. వన్-బై-టూ అంటారు గానీ ఆ చెక్క అసలు మందం ముప్పావు అంగుళమే. రెండు మెష్‌ల మధ్య అంత ఖాళీ ఉంటే ముక్కు ముక్కుకు అందదు. పైగా చెక్కంతా మెష్ కిందకు వస్తుంది, కొరకలేవు.

చెక్కపని:
పావు అంగుళం కంట్లోంచి మూతి దూరదు. నేను మూడు జతలు ఒక్క వరసతోనే కలిపాను. ఒక్క గోరు కూడా ఊడలేదు.

బే ఏరియా:
మా కాలిఫోర్నియాలో జెర్బిల్స్ పెంచడానికి చట్టం ఒప్పుకోదు. మీ పాప అదృష్టవంతురాలు.

లెస్టర్ అక్క:
మూతి దూరక్కర్లేదు. మెష్ పట్టుకుని ఎక్కినప్పుడు వేళ్లు అవతలికి వస్తాయి. అవి చాలు కొరకడానికి.

చందమామ:
మెష్ బదులు యాక్రిలిక్ షీటు పెడితే?

చెక్కపని:
వాసన అందదు. జెర్బిల్స్ ఒకదాన్నొకటి గుర్తుపట్టేది వాసనతోనే. రోజుకు రెండు మూడుసార్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చేదీ అందుకే. ఇక అక్కా, మీరు మెష్ గురించి భయపెడుతుంటే వీళ్లు అసలు మొదలే పెట్టరు.

లెస్టర్ అక్క:
భయపెట్టడం కాదు. నా రెండు ఆడవాటికి ఒక్క వరస మెషే కట్టాను. నాలుగో రోజు ఒకదాని వేలు తెగింది, మెష్ తీగ మీద రక్తం. చూసి తట్టుకోలేక, ఎలాగోలా ముగించేద్దామని ఐదో రోజు డివైడర్ తీసేశాను. బంతిలా చుట్టుకుని దొర్లాయి. గ్లోవ్స్ వెతికి తెచ్చేలోపే ఒకటి అయిపోయింది.

చెక్కపని:
చాలా బాధగా ఉందక్కా. కానీ దాన్ని చంపింది మెష్ కాదు, ఐదో రోజున తీయడం. పైగా ఆడవాటిని కలపడం ఇంకా కష్టం. వీళ్లది పెద్ద మగదానికి చిన్నపిల్ల, మామూలుగా కలిసిపోతాయి.

లెస్టర్ అక్క:
మెష్ సరిగ్గా ఉంటే నేను ఐదో రోజున తీసేదాన్నా? ప్రాణం పోయే పనికి "అరగంట పని" అని ఎలా రాస్తారు? అలా రాసేకన్నా ఉన్న ఒక్కదాన్ని ఒంటరిగా వదిలేయమని చెప్పడం మేలు.

చెక్కపని:
ఒంటరిగా వదిలేసింది నేనే. దాని తమ్ముడు పోయాక మా మొదటి జెర్బిల్‌ను ఏడాది పాటు ఒంటరిగానే ఉంచాను, మీరు చెప్పిన ఈ భయంతోనే. అట్టముక్కలు వేసినా చింపేది కాదు, గూడు కట్టడం మానేసింది. మూలన కూర్చునేది. అందుకే ఎవరు అడిగినా పని తేలిక చేసి చెప్తాను.

లెస్టర్ అక్క:
మీరు ఆ మూలన కూర్చున్నదాన్ని చూసి రాస్తున్నారు, నేను రక్తం చూసి రాస్తున్నాను. నాకు రెండో వరస మెష్ కావాలి, అంతే.

ఫ్రిస్కో అమ్మ:
రెండు వరసలే కొడుతున్నాను. చెక్కపని గారూ, మెష్ కత్తిరించిన కొసలు ఫ్రేము మీదకు మడిచి స్టేపుల్ చేస్తే చాలా?

చెక్కపని:
మడిచి, ఆకురాయితో నున్నగా చేయండి. చివరికి వేలితో తడిమి చూసుకోండి, మీకు గుచ్చుకుంటే వాటికీ గుచ్చుకుంటుంది.

లెస్టర్ అక్క:
రెండూ మెష్‌కు అటూ ఇటూ ఆనుకుని నిద్రపోయేదాకా తీయకండి. పదిహేను రోజులైనా సరే. తీసే రోజు తోలు గ్లోవ్స్ ముందే చేతికి వేసుకుని కూర్చోండి.