వికిరణం సరే, ఆ ‘అనుకూల’ సంగతేంది?

పోస్టు (తిరుపతి నుంచి)

మా పాప ఇంటర్ బైపీసీ. నిన్న రాత్రి జువాలజీ చదువుతా చదువుతా ‘నాన్నా, అనుకూల వికిరణం అంటే సెల్ టవర్ నుంచి వచ్చేదా’ అని అడిగింది. పుస్తకం తీసి చూస్తే విషయం వేరే. ఒకే మూల జాతి నుంచి పుట్టినవి తలా ఒక బతుకుతెరువు పట్టుకొని వేరువేరు జాతులుగా విడిపోవడమట. దానికి వికిరణం ఏంది సామీ? వరి పిలకలేసినట్టు ‘పిలకలు’ అంటే పోలా?

జవాబు (చిత్తూరు, రిటైర్డ్ లెక్చరర్‌ని)

పాపం వికిరణాన్ని తిట్టొద్దు బాబూ. ‘కౄ’ ధాతువుకు వెదజల్లడం అని అర్థం, కిరణం కూడా అందులోంచి వచ్చిందే. ఇంగ్లీషు మాట ‘అడాప్టివ్ రేడియేషన్’కూ ఇదే అవస్థ, లాటిన్‌లో రేడియస్ అంటే బండి చక్రం ఆకు. ఇరుసు దగ్గర మొదలై తలా ఒక దిక్కుకు పోయే ఆకులు, అదీ బొమ్మ. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా శిలాజ శాస్త్రవేత్త హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బార్న్ ఈ పేరు వాడేనాటికి సెల్ టవర్లు యాడున్నాయి! పిలకలు మాత్రం కుదరవు, ఎన్ని పిలకలేసినా అది అదే వరి.

నాకు గుచ్చుకునేది ‘అనుకూల’. మనం ‘వాన అనుకూలించలేదు’ అంటాం, ‘రైతు వానకు అనుకూలించాడు’ అనం. తెలుగులో అనుకూలించేది పరిస్థితి, మనిషి కాదు. పాఠంలోనేమో జీవి అనుకూలనం చెందుతుంది అని తిప్పి రాస్తారు, దాంతో పిల్లలు పిట్ట కష్టపడి ముక్కు పెంచుకుందనుకుంటారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఏటా ఇదే తప్పు దిద్దేవాణ్ణి.

పసిఫిక్ సముద్రంలోని గాలపాగస్ దీవుల ఫించ్ పిట్టల్నే చూడండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఒకే మూలం, ఇప్పుడు పదికి పైగా జాతులు. ఒకటి గింజలు కొరుకుతుంది, ఒకటి బ్రహ్మజెముడు పూలూ కాయలూ తింటుంది, ఒకటి ముల్లు ముక్కున పట్టుకొని బెరడులోంచి పురుగుల్ని తవ్వుతుంది, ఇంకొకటి పెద్ద సముద్రపు పక్షుల్ని పొడిచి రక్తం కూడా తాగుతుంది. అక్కడ డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో జీవశాస్త్రవేత్తలైన గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏళ్ళ తరబడి పిట్టల్ని పట్టి ముక్కులు కొలిచారు. 1977లో కరువొచ్చింది. చిన్న గింజలు అయిపోయాయి, మిగిలింది గట్టి ముళ్ళ కాయలు, మన పల్లేరుకు దగ్గర చుట్టం. చెప్పుల్లో దిగే ఆ కాయను పగలగొట్టాలంటే మందమైన ముక్కే కావాలి. చాలా పిట్టలు చచ్చిపోయాయి, మందం ముక్కువి ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలకూ అవే ముక్కులు. ఏ పిట్టా తన ముక్కు మార్చుకోలేదు. కరువు కొన్నిటికి అనుకూలించింది, అంతే. అంటే మన వాడుక తెలుగే సరైంది, పాఠమే తలకిందులు.

జవాబు (తిరుపతి, అలిపిరి దగ్గర)

సార్, మన తిరుమల కొండల బంగారు బల్లి కూడా ఇందుకు ఉదాహరణ అవుతుందా? దానికి శ్రీలంకలో ఒక దాయాది జాతి ఉందని చదివాను.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్)

దాయాది, భలే మాటన్నావమ్మా! కానీ ఇక్కడ పంపకం జరగలేదు. రెండూ రాతి గుట్టల్నే పట్టుకున్నాయి, దూరం వల్ల వేరయ్యాయి. వికిరణం అనాలంటే తలా ఒక పని, తలా ఒక వాటా ఉండాలి. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు సిక్లిడ్ చేపలు అట్లాంటివి, నాచు గీరేవి, నత్తలు నమిలేవి, తోటి చేపల్ని మింగేవి, కొన్ని వందల జాతులు.

జవాబు (మదనపల్లె నుంచి)

వాటా అంటే గుర్తొచ్చింది. ఒక జీవి తన పరిసరాల్లో పట్టుకున్న చోటునూ పనినీ కలిపి ఇంగ్లీషులో ‘నిచ్’ అంటారు కదా, దాన్ని జీవావరణ స్థానమనో ఇంకేదో అంటున్నారు గానీ, ఫ్రెంచిలో అది గోడలో గూడు. మా అవ్వగారింట్లో దీపం పెట్టే గూడుండేది. పిట్ట గూడూ గూడే, దీపం గూడూ గూడే. తెలుగులో రెండర్థాలూ కలిసొస్తుంటే ఎందుకు వదులుకోవాలి?

జవాబు (మొదటి పోస్టు పెట్టినాయన)

గూడు బాగుందక్కా, పాపకు వెంటనే ఎక్కింది. పరీక్షలో మాత్రం పుస్తకంలో మాటే రాయమన్నాను, మార్కుల దగ్గర ప్రయోగాలొద్దు. సార్, చక్రం ఆకులంటే తనకు తెలీదట, సైకిల్ చువ్వలు అని చెప్పాల్సొచ్చింది.