గురు గ్రహం రేడియో: కూకట్‌పల్లి మేడ మీద 20.1 మెగాహెర్ట్జ్‌లో గరగర తప్ప ఏమీ రావట్లేదు

ప్రశ్న (కూకట్‌పల్లి_యాంటెన్నా)
గురు గ్రహం నుంచి సహజంగా వచ్చే రేడియో తరంగాలను వినాలని చూస్తున్నా. ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్), డైరెక్ట్ శాంప్లింగ్ క్యూ బ్రాంచ్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను నేరుగా తీసుకునే సెట్టింగ్). డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) ఒక్కో చెయ్యి 3.55 మీటర్లు, తూర్పు-పడమరగా, టెర్రస్ మీద 7.5 మీటర్ల ఎత్తున కట్టాను. రాత్రి 9 నుంచి 10 దాకా పెడుతున్నా. ఆగని గరగర, మధ్యలో ఒకే లయలో టిక్ టిక్. ఇది గురువేనా? శనికీ అయస్కాంత క్షేత్రం ఉంది కదా, దాన్నీ ఇలాగే పట్టొచ్చా?

జవాబు 1 (డెకామెట్రిక్)
ఆ టిక్ టిక్ గురువు కాదండీ. అంత కచ్చితమైన లయ ఇన్వర్టర్‌దో, ఎల్ఈడీ డ్రైవర్‌దో అయ్యుంటుంది.

అసలు తప్పు ఎత్తులో ఉంది. 20.1 దగ్గర తరంగదైర్ఘ్యం 14.9 మీటర్లు. మీ 7.5 అందులో సరిగ్గా సగం. అడ్డంగా కట్టిన డైపోల్‌కి ఆ ఎత్తులో నడినెత్తిన సున్నా పడుతుంది, అంటే నేరుగా పైనుంచి వచ్చేది అందదు. హైదరాబాద్‌లో గురువు మధ్యరేఖ దాటేటప్పుడు ఎప్పుడూ 49 డిగ్రీలకు తగ్గడు, కొన్నేళ్లు దాదాపు నడినెత్తికే వస్తాడు. 3.7 మీటర్లకు, అంటే పావు తరంగదైర్ఘ్యానికి దించండి. తీగ ఉత్తర-దక్షిణంగా కట్టండి, అప్పుడు తూర్పు నుంచి పడమరకు నడిచే గురువు చాలావరకు తీగకు అడ్డంగానే ఉంటాడు.

వీ3తో ఇంకో చిక్కు. అది 28.8 మెగాహెర్ట్జ్‌తో శాంపుల్ చేస్తుంది కాబట్టి 8.7లో (28.8 − 20.1) ఉన్న స్టేషన్లన్నీ 20.1 మీదకి మడతపడి వస్తాయి. 15 పైన మాత్రమే వదిలే హైపాస్ ఫిల్టర్ పెట్టండి. విడిభాగాలు కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు.

జవాబు 2 (అయో_ఫేజ్)
శని సంగతి: ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల చుట్టూ తిరుగుతూ ఈ తరంగాలు పుట్టిస్తాయి. ఒక్కో గౌస్‌కి (అయస్కాంత క్షేత్ర బలానికి కొలత) 2.8 మెగాహెర్ట్జ్. గురువు ఉద్గారం దాదాపు 39.5 దగ్గర ఆగిపోతుంది, అంటే అవి పుట్టే చోట క్షేత్రం 14 గౌస్. శనిది 1.2 మెగాహెర్ట్జ్ దాటదు, మన అయనోస్ఫియర్ (భూమి పైవాతావరణంలోని విద్యుదావేశ పొర) దాన్ని పైనుంచే తిప్పికొడుతుంది. అందుకే శని ఉద్గారం 1980లో వాయేజర్ 1 వ్యోమనౌకకి దొరికింది, గురువుది మాత్రం 1955లోనే శాస్త్రవేత్తలు బర్క్, ఫ్రాంక్లిన్‌లకు నేల మీదే 22.2 మెగాహెర్ట్జ్‌లో దొరికేసింది.

సమయం గడియారం చూసి పెట్టకండి, గురువు ఉపగ్రహం అయోని చూసి పెట్టండి. అయో ఫేజ్ (కక్ష్యలో అయో ఉన్న కోణం) 90 డిగ్రీల దగ్గర, గురువు మధ్యరేఖాంశం (మనవైపు తిరిగి ఉన్న రేఖాంశం) 100-200 ఉంటే అయో-బి అనే రకం ఉద్గారం. ఫేజ్ 240 దగ్గర, రేఖాంశం 200-270 అయితే అయో-ఎ. ఫేజ్, రేఖాంశం రెండూ ఇలా కలిసిన వేళే అవకాశం ఎక్కువ. అర్ధరాత్రి దాటాక గురువు పైనున్న నెలలు మేలు, అప్పటికి షార్ట్‌వేవ్ స్టేషన్ల గోల తగ్గుతుంది.

కూకట్‌పల్లి_యాంటెన్నా
టీవీ కేబుల్‌ని నేరుగా డైపోల్‌కి అతికించా. అది సరిపోతుందా?

డెకామెట్రిక్
75 ఓమ్‌ల కేబుల్ సరిపోతుంది. కానీ బ్యాలన్ (కేబుల్ పైతొడుగులో కరెంటు పారకుండా ఆపేది) లేకపోతే కేబుల్ పైతొడుగే యాంటెన్నాలా పనిచేసి ఇంట్లో గోలంతా లాక్కొస్తుంది. తీగ కలిసే చోట 43 రకం ఫెర్రైట్ పూసలు 5-6 తొడగండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి. మోడ్ ఏఎం, ఏజీసీ (శబ్దాన్ని తనంతట సర్దేది) ఆఫ్, నాయిస్ బ్లాంకర్ (చిన్న చిటపటలను కత్తిరించేది) తప్పకుండా ఆఫ్: గురువు నుంచి మిల్లీసెకన్ల పాటు వచ్చే ఎస్-బరస్టులను అదే మింగేస్తుంది.

తర్వాత యాంటెన్నా తీసి 75 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చూడండి. శబ్దం తగ్గకపోతే మీరు వింటున్నది రిసీవర్ సొంత శబ్దమే, యాంటెన్నాది కాదు. తగ్గితే, అనంతగిరి వైపు కరెంటు తీగలకు దూరంగా వెళ్లి మళ్లీ చూడండి, అక్కడ మిగిలే సన్నని హోరులో ఎక్కువ భాగం పాలపుంతదే.

అయో_ఫేజ్
వింటే గుర్తుపట్టడానికి: గురువు నుంచి వచ్చే పొడవాటి ఎల్-బరస్ట్ విశాఖ బీచ్‌లో అల ఒడ్డెక్కి వెనక్కి జారినట్టు, కొన్ని సెకన్లు. ఎస్-బరస్ట్ మూకుడులో పేలాలు చిటపటలాడినట్టు. పిడుగు ఒక్కసారి ఫట్‌మని పోతుంది, 15 మెగాహెర్ట్జ్‌లోనూ 25లోనూ అదే క్షణంలో కనిపిస్తుంది.