గ్రీకు నాటకాలు చదువుకున్నావిడకి మహబూబ్‌నగర్‌తో ఏం పని?

మెట్ల_బావి:
నమస్తే అందరికీ. ఎంఏ పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది. వచ్చే గురువారం సెమినార్, మా సార్ నాకు అమెరికన్ తత్వవేత్త మార్తా నస్‌బామ్‌ని అంటగట్టారు. వివరాలు చూస్తే తల తిరుగుతోంది. ఒక పక్క జంతువులు ఎలా కదులుతాయనే అరిస్టాటిల్ గ్రంథానికి గ్రీకు పాఠం సరిచేసి వ్యాఖ్యానం రాశారు, ఇంకో పక్క చికాగో లా స్కూల్‌లో ప్రొఫెసర్, మధ్యలో అమర్త్య సేన్‌తో కలిసి పని, 2000లో వచ్చిన పుస్తకంలోనేమో మన మహబూబ్‌నగర్ ఆడవాళ్ళ ప్రస్తావన! ఈవిడ సబ్జెక్టులు మారుస్తూ పోయారా, లేక అన్నిటినీ కలిపే దారం ఏదైనా ఉందా? పుట్టిన తేదీ, అవార్డుల లిస్టు చదివేస్తే మా సార్ కూర్చోబెట్టేస్తారు.

పాతపుస్తకాల_రావు:
దారం ఉంది. అవార్డులు ఒక్క ముక్కలో తేల్చేయండి (2016 క్యోటో, 2021 హోల్‌బర్గ్, చాలు). పుట్టింది 1947లో న్యూయార్క్‌లో, తండ్రి లాయరు, డబ్బున్న ఇల్లు. ముందు నాటకాల పిచ్చి, చదువు మధ్యలో ఆపి కొన్నాళ్ళు స్టేజీ ఎక్కారు కూడా. తర్వాత హార్వర్డ్‌లో క్లాసిక్స్ (అంటే ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువు), 1975లో పీహెచ్‌డీ. అక్కడ ప్రతిభ ఉన్న యువ పరిశోధకుల్ని ఎంచుకునే సొసైటీ ఆఫ్ ఫెలోస్‌లో జూనియర్ ఫెలోగా ఎంపికైన మొదటి మహిళ ఈవిడే. అప్పుడు ఒక పెద్ద పండితుడు అభినందిస్తూ చీటీ రాశాడట: ఆడ ఫెలోని ఏమని పిలవాలో ఇబ్బందిగా ఉంది కాబట్టి ‘హెటైరా’ అందాం అని. హెటైరా అంటే మన కావ్యాల్లో గణిక లాంటిది, చదువూ మాటకారితనమూ ఉన్న వేశ్య. అభినందన అది! ఎనభైల మొదట్లో అక్కడి క్లాసిక్స్ వాళ్ళు పర్మనెంటు చెయ్యకపోతే బ్రౌన్ యూనివర్సిటీకి వెళ్ళారు, 1995 నుంచి చికాగో.

అసలు సంగతి 1986లో వచ్చిన పుస్తకంలో ఉంది, ‘ది ఫ్రాజిలిటీ ఆఫ్ గుడ్‌నెస్’. మంచివాడికి ఏ కీడూ జరగదు అన్నాడు సోక్రటీసు. గ్రీకు నాటకకర్తలు ఒప్పుకోలేదు. యురిపిడిస్ నాటకంలో హెకుబా ట్రాయ్ రాణి, యుద్ధంలో అన్నీ పోయి బానిస అయింది. ఆఖరి కొడుకైనా దక్కుతాడని పిల్లాణ్ణి, కొంత బంగారాన్ని ముందే ఒక మిత్రుడైన రాజు దగ్గర దాచి ఉంచింది. ఆ మిత్రుడే బంగారం కోసం పిల్లాణ్ణి చంపి సముద్రంలో పారేశాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాన్ని దాసీ తెచ్చి ముందు పెడితే ఆ తల్లి ఏమవుతుంది? అంతదాకా ఎంతో హుందాగా ఉన్న మనిషి ఆ రాజు కొడుకులిద్దరినీ చంపించి, వాడి కళ్ళు పొడిపించింది. మన స్త్రీపర్వంలో గాంధారి శాపం దగ్గర ఆగిపోయింది, ఈవిడ ఆగలేదు. నస్‌బామ్ అనేది ఏమిటంటే, అదృష్టం తిరగబడితే పోయేది సుఖం ఒక్కటే కాదు, మంచితనం కూడా కరిగిపోవచ్చు. అరిస్టాటిల్ దీన్ని కొంత ఒప్పుకున్నాడు, హింసించే చక్రం మీద కట్టేసిన మనిషిని మంచివాడు కాబట్టి సుఖంగా ఉన్నాడనేవాళ్ళు అర్థంలేని మాటలు చెబుతున్నారన్నాడు.

ఇక్కణ్ణుంచి హెల్సింకీ ఎంతో దూరం లేదు. అక్కడ ఐక్యరాజ్యసమితి యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన సంస్థలో సేన్‌తో కలిసి పనిచేశారు. మంచి బతుకుకి తిండి, ఆరోగ్యం, చదువు, స్నేహం లాంటివి బయటినుంచి అందాలంటే, అవి అందరికీ కనీసమైనా అందేలా చూసే పూచీ ఎవరిది? ప్రభుత్వానిది. మనిషిగా బతకడానికి ప్రతి ఒక్కరికీ ఉండాల్సిన అవకాశాలు ఇవీ అని ఆవిడ ఇచ్చిన పది అంశాల జాబితా ఇందులోంచి వచ్చిందే.

చెరువుగట్టు:
అంతా బాగుంది గానీ నాకు ఒక్కటి మింగుడు పడదు. చికాగో నుంచి విమానంలో వచ్చి మన ఆడవాళ్ళకి ఏం కావాలో వాళ్ళకే తెలియదు, నా దగ్గర లిస్టు ఉంది అంటే ఎలా? మా అమ్మ వారానికి రెండు రోజులు ఉపవాసం ఉంటుంది, ఆవిడకీ పోషకాహార లోపం అని రాసేస్తారా?

పాతపుస్తకాల_రావు:
ఆ ఉదాహరణ ఆవిడే ఇస్తారండీ. ఉపవాసం వేరు, పస్తు వేరు. మీ అమ్మగారింట్లో బియ్యం ఉన్నాయి, తినకూడదనుకున్నారు. జాబితా అడిగేది ఆ బియ్యం ఉన్నాయా అనే, తిన్నారా అని కాదు. అయినా మీ అనుమానం కొట్టిపారేసేది కాదు, పదే ఎందుకు, అవే ఎందుకు అని చాలామంది అడిగారు. సేన్ కూడా ఇలా ఖాయమైన జాబితా ఇవ్వడానికి ఇష్టపడలేదు.

పాలమూరు_పోరి:
నాది ఆ జిల్లానే కాబట్టి చెప్తున్నా. ముందు ఒక కంప్లైంటు: పాలమూరు చుట్టుపక్కల నేలని ఎడారి అని రాసిందావిడ. ఎడారి కాదు, కరువు నేల. కృష్ణ మా ఉమ్మడి జిల్లాలోంచే పోతుంది, నీళ్ళు చేలోకి రాలేదు అంతే, అందుకే మావాళ్ళు దేశమంతా ‘పాలమూరు లేబర్’ అయ్యారు.

కానీ మిగతాది తప్పని అనలేను. సరిగా తిండి లేక, మంచినీళ్ళు లేక ఉన్న ఆడవాళ్ళు కూడా సర్కారు చైతన్య కార్యక్రమం రాకముందు అది అన్యాయమని అనుకోలేదంట, ఆ తర్వాతే నీళ్ళు కావాలి, కరెంటు కావాలి అని అడగడం మొదలుపెట్టారంట. మా నాయనమ్మ అందరూ తిన్నాక గంజి అడుగున మిగిలింది తాగి లేచేది. అడిగితే “నాకు ఆకలైతలేదు బిడ్డా” అనేది. ఒకసారి కళ్ళు తిరిగి పడితే టౌనుకి తీసుకపోయినం, రక్తం ఆరే ఉందన్నరు డాక్టరు. ఆమె మాటనే లెక్కల్లో రాసుకుంటే మా ఇంట్లో ఆకలే లేదు. చెరువుగట్టు అన్నా, ఆవిడ చికాగో నుంచి వచ్చి అడిగిందనేది నాకు పెద్ద బాధ కాదు, పక్కింట్లో ఉన్న మేమే అడగలేదు కదా.

చెరువుగట్టు:
ఈ కోణం నేను ఆలోచించలేదమ్మా. లిస్టు మీద నా పేచీ మాత్రం అలాగే ఉంది 🙂

మెట్ల_బావి:
థాంక్స్ అందరికీ, సగం టెన్షన్ పోయింది. రావు గారూ, ఆవిడ ఈమధ్య జంతువుల హక్కుల మీద కూడా రాశారు కదా, అది మాత్రం ఎక్కడ అతికించాలో అర్థం కాలేదు.

పాతపుస్తకాల_రావు:
మీరే మొదటి వాక్యాల్లో చెప్పారు, 1978లో వచ్చిన తొలి పుస్తకమే జంతువుల కదలిక మీద. ప్రతి జీవీ తనకి కావలసినదాని కోసమే కదులుతుంది అంటాడు అరిస్టాటిల్. ఇటీవల జంతువుల మీద రాసినదానికి ఆవిడ సొంత కారణం కూడా ఉంది. కూతురు జంతువుల తరఫున పనిచేసిన లాయరు, తల్లీకూతుళ్ళు కలిసి వ్యాసాలు రాశారు. 2019 డిసెంబరులో ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి ఆ అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాత వచ్చిందే జంతువుల న్యాయం మీద పుస్తకం, అంకితం ఆ కూతురికే. మీకు టైం లేదు కాబట్టి హెకుబా చాప్టర్ ఒక్కటి చదవండి, పది అంశాల జాబితా జిరాక్స్ తీసి క్లాసులో పంచండి, గొడవ దానంతట అదే మొదలవుతుంది.